నడిపి చూసినవాడు

ప్రోగ్రాము రాసేవాళ్ళు ఒకరైతే దాన్ని వాడుకునేవాళ్ళు ఇంకొకరు. రాసింది నిజంగా నడుస్తుందా లేదా అని ఆ ఇద్దరి మధ్యా కూర్చుని చూసే మనిషి ఒకడుంటాడు. ఉత్తరాది చలిదేశంలో, ఔలు అనే ఊళ్ళో, నది దాటాక ఉన్న చిన్న కంపెనీలో, రైమో హాపకోస్కి అలాంటి మనిషి. అంతకుముందు ఫోన్లు తయారుచేసే పెద్ద కంపెనీలో ఉండేవాడు. అక్కడ వందలమందిని ఒకేసారి ఇంటికి పంపిన ఏడాది అతనూ తన కాఫీ కప్పు సంచిలో వేసుకుని బయటికి వచ్చాడు. వచ్చి ఇక్కడ చేరాడు. చేరిన నాటికి జుట్టుండేది. ఇప్పుడు మోకాలి నొప్పి ఉంది.

అతని పని చెప్పడం కష్టమేమీ కాదు, వినేవాళ్ళుండాలి గానీ. కంప్యూటర్లో నడిచే ప్రతి ప్రోగ్రామూ తనకొక పొడవైన సొంత స్థలం ఉందనే భ్రమలో బతుకుతుంది. నిజానికి దానికి దక్కిన మెమరీ ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడో పడి ఉంటుంది. ఏ ముక్క ఎక్కడుందో రాసిపెట్టిన పట్టిక ఒకటుంటుంది. ప్రాసెసర్ ప్రతి దానికీ ఆ పట్టిక దాకా నడవలేక, ఈమధ్య చూసిన చిరునామాలను ఒక చీటీ మీద గీసుకుని రొండిన దోపుకుంటుంది. పట్టికలో చిరునామా మారితే, ఆ చీటీ పారెయ్యమని దానికి చెప్పాలి. చెప్పకపోతే పాత చిరునామాకే వెళ్ళి పరాయివాళ్ళ ఇంట్లో సామాను దింపి వస్తుంది. పైగా ఒక్కో జాతి ప్రాసెసర్‌ది ఒక్కో తీరు. ఒకదాని పట్టిక రెండంతస్తులు, ఇంకొకదానిది అయిదంతస్తులు. ఒకటి చీటీని తనంతట తానే సరిచేసుకుంటుంది, ఇంకొకటి గదమాయిస్తే గానీ కదలదు.

ఆ పట్టికల కోడ్‌ని లోకంలో నలుమూలలా ఉన్నవాళ్ళు రాస్తూ ఉంటారు, మారుస్తూ ఉంటారు. మార్పు ఏదైనా అన్ని జాతుల మీదా నడవాలి. అందుకని రైమోకి ఒక గది ఉంది. అందులో అరల నిండా రకరకాల యంత్రాలు. ఫ్యాన్ల హోరుకి చెవులు దిబ్బళ్ళు వేస్తాయని, అడవిలో చెట్లు కోసేవాళ్ళు పెట్టుకునే చెవిటోపీ తగిలించుకుని, భార్య సిర్కా అల్లిన ఉన్ని మేజోళ్ళతో ఆ అరల మధ్య తిరుగుతుంటాడు. మార్పు వస్తుంది. నడుపుతాడు. చూస్తాడు. బాగుంటే దాని అడుగున ఒక వరస రాస్తాడు: ఫలానా ఫలానా యంత్రాల మీద నడిపి చూసినవాడు, రైమో హాపకోస్కి. పైన రాసినవాళ్ళ పేర్లు అందరికీ తెలుసు. అడుగు వరస ఎవరు చదువుతారు? అతనికీ ఆ బెంగ లేదు. ఈమధ్య అతనికి బెంగలన్నిటి బదులూ ఒక్క అలసటే మిగిలింది.

ఆ అరల్లో కిటికీ పక్కన ఉన్నది ముమ్మో. అంటే అమ్మమ్మ. అసలు పేరు వేరే ఉందిగానీ ఎవరూ అనరు. ఆ జాతి ప్రాసెసర్ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. నడుస్తున్న వాటిలో రైమోకి తెలిసినవి కొద్ది. ఒకటి ఈ గదిలో. మిగతావి ఉత్తరాన ఒక కోతమిల్లులో, చెక్క పలకలు ఆరబెట్టే షెడ్లలో, వేడిని పెంచుతూ తగ్గిస్తూ గోడకి తగిలించిన పెట్టెల్లో. ఆ షెడ్లు చూసుకునే మనిషి పేరు ఓయ్వా. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఫోన్ చేస్తాడు. పలకరింపులుండవు. "నీ పేరుందా?" అంటాడు. "ఉంది" అంటే పెట్టేస్తాడు. అడుగు వరస చదివే మనిషంటూ ఉంటే అతనే.

మార్చి నెలలో ఒకరోజు పదింటి కాఫీ దగ్గర, ఆ చిన్న బృందానికి పెద్ద అయిన కిమ్మో గొంతు సవరించుకున్నాడు.

"నో నీన్," అన్నాడు. అక్కడ మంచికైనా చెడుకైనా మాట మొదలయ్యేది అలాగే. "ముమ్మో సంగతి వచ్చింది రైమో. కోడ్ పెద్దలు ఈ వెర్షన్ నుంచి కొత్త నియమం పెట్టారట. ఏ జాతి మీదైనా సరే, 'నేను నడిపి చూశాను' అనే మనిషి ఒక్కడూ లేకపోతే ఆ జాతి కోడ్ మొత్తం తీసి పారేస్తారట. ముమ్మోకి నువ్వొక్కడివే."

"పోయినసారీ నేనొక్కణ్ణేగా."

"పోయినసారి వాళ్ళు చూసుకోలేదు."

ఎదురుగా కూర్చున్న ఇంకేరి నవ్వింది. పట్టికల కోడ్‌లో ఈసారి రాబోతున్న పెద్ద మార్పు ఆమెది. రెండు చలికాలాలు దానికే ధారపోసింది. "ఏం రైమో, నువ్వూ ముమ్మో కలిసే రిటైరవుతారా? ఒకటే కేకు తెప్పించి ఇద్దరి పేర్లూ రాయిస్తాం."

"నా పేరు పైన రాయించు. అది నాకన్నా చిన్నది."

"అయితే దాన్ని ముందే పంపించెయ్. ఒక్క బిల్డ్ పెడితే, కోడ్ కట్టి నడిపేసరికి పొద్దు గడిచిపోతుంది దానికి. నా మార్పు అన్నిటి మీదా నడిచింది, దీనికోసం కాచుకుని కూర్చోవాలి."

"నీదేగా ఇప్పుడు పెట్టేది. నడిస్తే పేరు రాస్తాను. నీ పనీ అవుతుంది, దాని బతుకూ నిలుస్తుంది."

అదీ లెక్క. ఇంకేరి మార్పు ముమ్మో మీద నడిస్తే చాలు, ఆ జాతి ఇంకో వెర్షన్ దాకా బతుకుతుంది. ఓయ్వా షెడ్లకి కొత్త వెర్షన్ అందుతుంది. రైమోకి అంతకన్నా అక్కర్లేదు. వేసవి వస్తే అతను ఎలాగూ పనిలోంచి వెళ్ళిపోతాడు. వెళ్ళేలోపు దాన్ని ఎవరికైనా అప్పగించి వెళ్ళాలని ఉంది. కోడ్‌లోంచి కొట్టేశాక దాన్ని ఎవరు తీసుకుంటారు?

ముమ్మో మీద అది నడవలేదు.

పూర్తిగా పడిపోయినా బాగుండేది. పరీక్షలన్నీ వరసగా పచ్చగా వచ్చి, చివర్లో ఒక్కటి మాత్రం ఎర్రగా నిలిచింది. ఒక పేజీలో తన అంకెలుండాల్సిన చోట పక్కవాడి అంకెలున్నాయి. మళ్ళీ పెట్టాడు. ఈసారి అన్నీ పచ్చగానే వచ్చాయి. ఇంకోసారి పెడితే మళ్ళీ ఎర్రగా.

"దాని మెమరీ చిప్పులు పుచ్చిపోయి ఉంటాయి," అన్నాడు కిమ్మో తలుపు దగ్గర నిలబడే. "నకలు మీద ఎలా ఉంది?"

నకలు అంటే ముమ్మోలా నటించే ఒక ప్రోగ్రాము. కొత్త కంప్యూటర్ లోపల కూర్చుని, నేనే ముమ్మోని అంటుంది.

"నకలు మీద ఎన్నిసార్లు పెట్టినా నడుస్తోంది."

"చూశావా మరి. ముసల్దానికే ఒంట్లో బాగాలేదు."

రైమో కూడా అదే కోరుకున్నాడు. కోరుకున్నానని తనకి తానే ఒప్పుకున్నాడు కూడా. చిప్పులు పాడైతే మార్చవచ్చు, నడిపి చూడవచ్చు, పేరు రాసి ఇంటికి పోవచ్చు. బీరువాలో దాచిన చిప్పులు తీసి, దుమ్ము ఊది, మార్చాడు. అయినా ఎర్రగీత పోలేదు.

ఇంటికి వెళ్ళి వంటింట్లో కూర్చుంటే సిర్కా బంగాళాదుంపలు చెక్కుతూ అతని వంక చూసింది. "ఏంటలా ఉన్నావు, నానబెట్టి పిండటం మర్చిపోయిన గుడ్డలా?"

"ముమ్మోకి బాగాలేదు."

"మా అమ్మ కంటే దానికోసమే ఎక్కువ బాధపడతావు నువ్వు."

"మీ అమ్మ నాకంటే గట్టిగా ఉంది."

"అది నిజమే," అంది సిర్కా. "వదిలెయ్యకూడదూ దాన్ని? వేసవిలో ఎలాగూ వదిలేస్తావు."

అతనూ ఒక దుంప చేతిలోకి తీసుకున్నాడు. వదిలెయ్యడం కూడా ఒక పనే. దానికీ ఓపిక కావాలి.

గురువారం కాంటీన్‌లో బఠాణీ సూపు, దాని తర్వాత జామ్‌తో పాన్‌కేక్. ఇంకేరి రాసిన మార్పుని కాగితాల మీద అచ్చుకొట్టుకుని కాంటీన్‌కి పట్టుకెళ్ళాడు. చుట్టుపక్కల అలా కాగితం మీద చదివేవాడు అతనొక్కడే. అందరూ నవ్వుతారు, నవ్వనీ. సూపులో ఆవముద్ద కలుపుకుని, వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. కింద నుంచి పైకి చదివాడు. పై నుంచి కిందికి చదివినప్పుడల్లా కళ్ళు తమకు తెలిసినదాన్నే చూస్తాయి. అలా వెనక్కి వస్తూంటే ఒకచోట వేలు ఆగిపోయింది. చాలాసేపు అక్కడే ఉంది. సూపు మీద పొర కట్టింది.

ఇంకేరి పళ్ళెంతో వచ్చి పక్కన కూర్చుంది. "దేనికలా చూస్తున్నావు? జామ్ అయిపోయిందా?"

"ఈ రెండు వరసలు చదువు."

"పాన్‌కేక్ చల్లారిపోతుంది."

"చల్లారనీ."

చదివింది. భుజాలు ఎగరేసింది. "ఏముంది? చీటీ పారేయించాను, పట్టిక మార్చాను. రెండూ ఉన్నాయిగా."

"ఏది ముందు?"

ఆమె నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మెడ దగ్గర మొదలైన ఎరుపు మెల్లగా చెవుల దాకా పాకింది. పట్టిక మార్చాక చీటీ పారేయించాలి. ఆమె ముందు చీటీ పారేయించింది. ఆ తర్వాత, పట్టిక మారే లోపల, ఉన్న ఆ కాస్త సందులో ప్రాసెసర్ మళ్ళీ పట్టిక చూస్తే? పాత చిరునామానే కొత్త చీటీ మీద రాసుకుని రొండిన దోపుకుంటుంది. ఇక దాన్ని పారెయ్యమని చెప్పేవాళ్ళు లేరు.

"కానీ అన్నిటి మీదా నడిచింది కదా," అంది గొంతు తగ్గించి.

"అవి తొందరవి. తలుపు తీసి మూసేలోపు ఎవరూ దూరలేదు. ఇది నిదానంగా తీసింది, దూరారు."

"అంటే మిగతావాటిలో కూడా…"

"ఎప్పుడో ఒకప్పుడు. ఎవరింట్లోనో."

"పెర్కెలే," అని తిట్టుకుంది. తనని తానే తిట్టుకుంది. "రెండు చలికాలాలు రైమో! ఎలా చూడలేదు నేను?"

"శరదృతువులో నేనూ చదివాను, రెండుసార్లు. బాగుందని రాశాను. నాకూ కనబళ్ళేదు."

అది ఓదార్పుగా అనలేదు. నిజమే అది. ఆమె పాన్‌కేక్ అతని వైపు తోసేసి లేచి వెళ్ళిపోయింది. అతను దాన్ని తిన్నాడు. పారెయ్యడం ఎందుకని.

ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. ఎవరి మార్పు వల్ల యంత్రం పడిపోతుందో, వాళ్ళు మర్నాడు కాఫీకి దాల్చినచెక్క రొట్టెలు తేవాలి. చుట్టచుట్టిన ఆ రొట్టె పేరు అక్కడి భాషలో చెంపదెబ్బే, ఆచారానికి సరిపోయింది. ఇంకేరి సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. "తినండి. తలా రెండు. నాకున్నవి రెండు చెంపలు." అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కానీ కాఫీ పోసేటప్పుడు ముందు రైమో కప్పులో పోసింది.

ఇంకేరి ఆ రెండు వరసలూ ముందువెనకలు మార్చింది. పనంతా అంతే. ఆ వెర్షన్‌లోకి మార్పులు తీసుకోవడం మూసేది ఆ మధ్యాహ్నమే. రైమో మిగతా యంత్రాలన్నిటి మీదా పెట్టాడు, పచ్చగా వచ్చాయి. ముమ్మోని ఉదయం రాగానే మొదలుపెట్టాడు. ఎర్రగీత వచ్చిన పరీక్ష దాకా అది ఇంకా చేరలేదు.

చెవిటోపీ పెట్టుకున్నవాడికి చప్పుడు ఆగితే తెలియదు. అతనికి ముందు వాసన తెలిసింది. వార్నిష్ కాలినట్టు, చేదుగా. తిరిగి చూసేసరికి కిటికీ పక్కన ముమ్మో దీపం వెలగడం లేదు. తీగ పీకి, మూత విప్పాడు. ప్రాసెసర్ పక్కన అరచేతి మేర నల్లగా మాడింది. వేలు పెడితే చురుక్కుమంది.

కిమ్మో వచ్చాడు. "పోయిందా?"

"పోయింది."

"బీరువాలో ఇంకోటి ఉండేది కదా?"

"దాన్ని కోసికోసే దీన్ని ఇన్నాళ్ళు నడిపాను."

అయినా అతను ప్రపంచంలో ఆ కోడ్ చూసే వాళ్ళందరికీ ఒక సందేశం పంపాడు, ఆ జాతి బోర్డు ఎవరి దగ్గరైనా ఉందా అని. నార్వే నుంచి ఒకాయన రాశాడు: ఉండేది, పోయిన ఏడాది ఒక మ్యూజియానికి ఇచ్చేశాను, క్షమించు. ఇంకెవరూ రాయలేదు.

మధ్యాహ్నం ముగ్గురూ ఆ గదిలో నిలబడ్డారు. ఒక యంత్రం తగ్గినా హోరు తగ్గినట్టు లేదు. గట్టిగానే మాట్లాడుకోవలసి వచ్చింది.

"ఇంకేరి రెండు వరసలు తిప్పింది. అంతేగా," అన్నాడు కిమ్మో. "నకలు మీద నడిచింది. ముమ్మో పేరు కూడా కలిపి రాసెయ్ రైమో. ఒక వెర్షన్ గట్టెక్కుతుంది. ఈలోపు ఎక్కడో ఒకచోట బోర్డు దొరక్కపోదు."

"నకలు మీద మొన్న తప్పుది కూడా నడిచింది."

"ఈసారి తప్పు లేదు," అంది ఇంకేరి. "నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"తెలుసు."

"మరింకేంటి?"

"తెలుసు అని కాదుగా అక్కడ రాసేది. నడిపి చూశాను అని రాస్తాం."

"ఎవరు చూడొచ్చారు రైమో!" అన్నాడు కిమ్మో. విసుగుతో కాదు, జాలితోనే అన్నాడు. "నీకోసమే చెబుతున్నాను. ఇన్నేళ్ళు దాన్ని మోశావు."

రైమోకి కుర్చీ కావాలనిపించింది. ఆ గదిలో కుర్చీ లేదు. ఒక మాట కలపడమే కదా. దాని వల్ల ఎవరికీ నష్టం కలగకపోవచ్చు. బహుశా కలగదు కూడా. మార్పు సరైనదే. తనకన్నా ఆ పట్టికలు తెలిసిన పిల్ల రాసింది, తను చూశాడు. రాసేస్తే సాయంత్రం తిన్నగా ఇంటికి పోయి కాళ్ళు చాపుకోవచ్చు. అంత అలసటలో నిజాయితీ కూడా బరువు సామానులాగే అనిపిస్తుంది, ఎక్కడైనా దింపెయ్యాలనిపిస్తుంది. కానీ ఓయ్వా పేరు చూస్తాడు. చూసి, షెడ్డు నిండా పలకలు పెట్టుకుని, పొయ్యి మండుతుండగా, కొత్త వెర్షన్ ఎక్కించే మీట నొక్కుతాడు. మీట నొక్కేవాడికి తను ఏం చూశాడో అదే చెప్పాలి, ఏం నమ్మాడో కాదు.

"ఇవాళ ఎన్నింటికి మూస్తారు?" అని అడిగాడు.

"నాలుగింటికి."

వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. నడిపి చూసిన యంత్రాల పేర్లన్నీ రాశాడు. చివర కామా పెట్టి, ఆ కామా చెరిపేసి, చుక్క పెట్టాడు. తన పేరు రాశాడు. పంపించాడు. ఇంకేరి అతని వెనక కాసేపు నిలబడి, భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఈసారి ఓయ్వాకి తనే ఫోన్ చేశాడు. అవతల రంపం చప్పుడు.

"ఓయ్వా, రైమోని."

"నువ్వు చేశావేంటి? పేరుందా?"

"పేరుంది. నీ రకం లేదు అందులో."

రంపం ఆగింది. ఎవరో దూరంగా ఏదో అరిచారు.

"అంటే?"

"అంటే ఉన్నదే ఉంచుకో. కొత్తది వెయ్యకు. ఇక ముందు వచ్చేవాటిలో నీ రకం ఉండదు."

"నడవదా అది?"

"నడుస్తుందనే అనుకుంటున్నాను. నడిపి చూడలేకపోయాను. నా యంత్రం కాలిపోయింది."

ఓయ్వా ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినబడింది. అక్కడివాళ్ళు అవును అనడానికి కూడా అలాగే పీల్చుకుంటారు. "పాతదాంతో ఎన్నాళ్ళు లాక్కురావచ్చు?"

"బయటి నెట్‌లోంచి దొంగలు దూరకుండా, దానికి కలపకుండా ఉంటే చాలాకాలం. ఆ తీగ పీకెయ్."

"తీగ పీకితే ఇంట్లో కూర్చుని చూడ్డానికి ఉండదు. మంచులో షెడ్డు దాకా నడిచి వేడి చూసుకోవాలి, ప్రతిసారీ."

"అవును."

"నీకేంలే, వెచ్చగా కూర్చుని చెబుతున్నావు."

"వెచ్చగా ఏం లేదు ఓయ్వా."

"తెలుస్తోందిలే, గొంతు చూస్తే." తొందరేమీ లేనట్టు ఓయ్వా ముక్కు చీదుకున్నాడు. "సరే. పీకేస్తాను. లేదని ఎవరూ చెప్పకపోతే నేను వేసేసి ఉండేవాణ్ణి," అని పెట్టేశాడు.

తరవాతి వారంలో ఆ తీసివేత మార్పు రానే వచ్చింది. నియమం పెట్టినవాళ్ళు మాట తప్పలేదు. ముమ్మో జాతికి సంబంధించిన కోడ్ అంతా, దాని రెండంతస్తుల పట్టికా, దాని చీటీ అలవాట్లూ, ఎవరెవరో ఏళ్ళ తరబడి రాసిన వ్యాఖ్యలతో సహా, తీసివేత గుర్తులతో వరసలు వరసలుగా కిందికి సాగింది. అందులో కొన్ని వరసల పక్కన రైమో పేరు కూడా ఉంది. చివర ఒక విన్నపం: దీన్ని తీసేస్తే మిగతా జాతులకు ఇబ్బంది రాదని ఎవరైనా నడిపి చూస్తారా?

కిమ్మో తలుపు దగ్గరికి వచ్చాడు. "ఇది ఇంకేరి చూస్తుందిలే. నువ్వు వదిలెయ్."

"ఆమెకి వేరే పనుంది," అన్నాడు రైమో.

చెవిటోపీ పెట్టుకుని గదిలోకి వెళ్ళాడు. మోకాలు నొప్పెడుతుంటే అర పట్టుకుని వంగి, ఒక్కో యంత్రాన్నీ మొదలుపెట్టాడు. కిటికీ పక్క అర ఖాళీగా ఉంది. అక్కడ చెయ్యి ఆనించి, ఫలితాలు వచ్చేదాకా నిలబడ్డాడు. ఒకదాని తరవాత ఒకటి అన్నీ పచ్చగా వచ్చాయి. ఎక్కడా ఏ ఇబ్బందీ లేదు. బల్ల దగ్గరికి వచ్చి, నడిపి చూసిన వాటి పేర్లు రాసి, అడుగున తన పేరు రాశాడు.